మా ఇంట్లో ఒక ఫ్రెంచి సినిమా

"మీకు నచ్చిన సినిమా గురించి వ్యాసం రాసుకొని రండి" అని మా తెలుగు సార్ చెప్పినప్పుడు తరగతిలో అందరూ బాహుబలి అని, పుష్ప అని, ఆర్.ఆర్.ఆర్. అని నోటు పుస్తకంలో రాసుకున్నారు. నేను ఫ్రెంచి సినిమా అని రాసుకున్నాను. పక్కన కూర్చున్న నా స్నేహితురాలు తొంగి చూసి, "నీకు ఫ్రెంచి యాడొచ్చు మే?" అని నవ్వింది. రాదు. ఒక్క ముక్క కూడా రాదు. అయినా ఆ సినిమా గురించే రాస్తున్నాను. ఎందుకంటే అది చూసిన రాత్రి మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. ఆ సంగతి అర్థం కావాలంటే ముందు మా నాయన కథ ఒకటి చెప్పాలి.

మాది బట్లహళ్ళి. ఇది చింతామణి తాలూకా, చిక్కబళ్ళాపురం జిల్లా, కర్ణాటక. కానీ ఇంట్లో తెలుగు, పొలంలో తెలుగు, అంగట్లో తెలుగు. ఆఫీసుకి పోతే కన్నడ. బోర్డులన్నీ కన్నడ. ఆంధ్ర మాకు దగ్గరే. మా చుట్టాల్లో సగం మంది అటు పక్క మదనపల్లె చుట్టూ ఉన్నారు. పెళ్ళిళ్ళకు, తిరునాళ్ళకు, టమాటాలు అమ్ముకోడానికి రోజూ జనం అటూ ఇటూ పోతానే ఉంటారు. మధ్యలో ఒక రాష్ట్ర సరిహద్దు ఉందని చిన్నప్పుడు నాకు తెలీనే తెలీదు. అది ఉందని నాకు తెలిసింది 2020లో.

ఆ యేడు నేను నాలుగో తరగతి. మా నాయనకి ఒక లగేజ్ ఆటో ఉంది. ఊళ్ళో రైతుల టమాటా బాక్సులు వేసుకొని మదనపల్లె మార్కెట్టుకు పోతాడు. మార్చి 24న పొద్దున అట్లనే పోయినాడు. ఆ రాత్రి టీవీలో ప్రధానమంత్రి దేశమంతా లాక్‌డౌన్ అని చెప్పినారు. నాయన అక్కడే చిక్కుకున్నాడు. మా అత్త ఇంట్లో ఉన్నాడు కాబట్టి తిండికి ఇబ్బంది లేదు. కానీ రేపు వదుల్తారు, ఎల్లుండి వదుల్తారు అని చూస్తానే పన్నెండు రోజులు గడిచిపోయినాయి. అప్పటికి మా అవ్వకి బీపీ మాత్రలు అయిపోయినాయి. ఇంక ఉండలేక నాయన ఆటోని అత్త ఇంటి దగ్గరే వదిలి, రాత్రి పూట నడిచి బయలుదేరినాడు.

ఈ కథని మా నాయన ఎంత బాగా చెప్తాడంటే, ఊళ్ళో పెళ్ళిళ్ళలో కూడా "ఆ కోడి కథ చెప్పప్పా" అని అడుగుతారు. అత్త ఊరికే పంపకుండా ఒక సంచిలో చింతపండు, ఇంకో సంచిలో ఒక నాటుకోడి పెట్టి ఇచ్చింది. "అంగళ్ళు మూసి ఉంటాయి, పిల్లోళ్ళకి కూర వండి పెట్టమను" అని. దోవలో ఒక ఒడిశా అబ్బాయి కలిసినాడు. ఇటుకల బట్టీలో పనిచేసేవాడంట. బెంగళూరు పోతే రైలు దొరుకుతుందని నడుస్తా ఉన్నాడు. అతనికి తెలుగు రాదు, కన్నడ రాదు. మా నాయనకి హిందీ రాదు, ఒడియా రాదు. ఇద్దరూ చేతులతో మాట్లాడుకుంటా చెరువు కట్టలు, చేను గట్లు పట్టుకొని నడిచినారు. ఎక్కడైనా టార్చిలైటు కనబడితే నాయన కోడి నోరు మూసి పట్టుకుంటాడు. ఒడిశా అబ్బాయి తన నోరు తనే మూసుకుంటాడు.

తెల్లవారుజామున చెక్‌పోస్టు దగ్గర దొరికిపోయినారు. ఒక హోంగార్డు లైటు వేసి, "యారు? ఎల్లింద బర్తిద్దీరా?" అని గట్టిగా అడిగినాడు. భయంతో మా నాయన నోట్లోంచి తెలుగు వచ్చేసింది. "మాది ఈ పక్కే అన్నా, ఇంటికి పోతాండాను" అన్నాడు. తెలుగు వినగానే హోంగార్డు ఆంధ్రా మనిషి అనుకొని, "ఆంధ్రదవరా? వాపస్ హోగి" అన్నాడు. అంటే ఇంటికి పోవాల్సినవాడిని ఇంటి గడప ముందరే ఆపి, మీ ఇంటికి మీరు పొండి అన్నట్లు. నాయన గబగబా కన్నడలోకి దిగినాడు. భయంలో కన్నడ మొత్తం తెలుగు యాసలో వచ్చింది. హోంగార్డుకి ఇంకా అనుమానం పెరిగింది. సరిగ్గా అప్పుడు కోడి అరిచింది. ఒడిశా అబ్బాయి ఉలిక్కిపడి, అలవాటు కొద్దీ తన నోరు తను మూసుకున్నాడు. ఆ హోంగార్డు రోంత సేపు చూసి, పగలబడి నవ్వి, అచ్చం మా ఊరి తెలుగులో, "ఈ కోడికి ఏ భాష వస్తాదప్పా?" అని అడిగినాడంట!

"అన్నా, మీరు తెలుగోళ్ళా?" అన్నాడు నాయన.

"ఇంట్లో తెలుగు, డ్యూటీలో కన్నడ. ముందే చెప్పకూడదా బట్లహళ్ళి అని" అన్నాడంట ఆయన. పేర్లు, ఫోను నంబర్లు రాసుకొని, ఊరికి ఫోన్ చేసి చెప్పి పంపినాడు. పొద్దున్నే ఆశా అక్క వచ్చి నాయనని, ఒడిశా అబ్బాయిని మా పశువుల కొట్టంలో 14 రోజులు ఉండమని చెప్పింది. మే నెలలో వలస కూలీలకు ప్రత్యేక రైళ్ళు వేసినప్పుడు ఆ అబ్బాయి వాళ్ళ ఊరికి పోయినాడు. ఇప్పటికీ ఉగాదికి ఫోన్ చేసి "అన్నా, కోడి?" అంటాడు. అవి అతను నేర్చుకున్న రెండు తెలుగు మాటలు.

ఇది మా నాయన కథ. ఇప్పుడు సినిమా.

పోయిన దసరా సెలవుల్లో మా పెద్దనాయన కొడుకు బెంగళూరు నుంచి వచ్చినాడు. అక్కడ డిగ్రీ చదువుతాడు. వాళ్ళ కాలేజీలో పాత సినిమాలు చూసే పిల్లలు కొందరు ఉన్నారంట. పెన్‌డ్రైవ్ తెచ్చి మా టీవీకి పెట్టి, "ఇది చూడు, నవ్వి నవ్వి చస్తావు" అన్నాడు. సినిమా పేరు లా గ్రాండ్ వాద్రూయ్. మన మాటల్లో చెప్పాలంటే "పెద్ద తిరుగుడు" అని. 1966లో వచ్చింది. డైరెక్టరు జెరార్ ఊరీ. మాటలు ఫ్రెంచి, కొన్నిచోట్ల ఇంగ్లీషు, కొన్నిచోట్ల జర్మన్. కింద ఇంగ్లీషులో అక్షరాలు వస్తాయి. నేను వాటిని కూడబలుక్కొని చదివి మా అవ్వకి తెలుగులో చెప్పాలి. అది నా డ్యూటీ.

కథ రెండో ప్రపంచ యుద్ధం నాటిది, 1942 ఎండాకాలం. అప్పటికి జర్మన్ సైన్యం ఫ్రాన్సును ఓడించి రెండేళ్ళు అయింది. దేశాన్ని 1940లో రెండు ముక్కలు చేసి మధ్యలో ఒక గీత గీసినారు. ఉత్తరం పక్క, సముద్రం పొడవునా జర్మన్ సైన్యం. దక్షిణం పక్క స్వేచ్ఛా ప్రాంతం అని పేరు. ఆ గీత దాటాలంటే పాస్ కావాలి. పాస్ లేకుండా దొరికితే జైలు, ఒక్కోసారి అంతకన్నా ఘోరం. ఒకే ఊరి పొలాలు సగం అటు, సగం ఇటు పడిన చోట్లు కూడా ఉన్నాయంట. ఇది చదివి చెప్పగానే మా అవ్వ, "అట్లయితే అది మన చెక్‌పోస్టు కథే" అనింది.

పారిస్ మీద ఒక ఇంగ్లీషు విమానాన్ని జర్మన్లు కూల్చేస్తారు. అందులోంచి ముగ్గురు పారాచూట్లతో దూకుతారు. ఒకాయన జంతువుల పార్కులో పడతాడు. ఒకాయన గోడకు రంగులు వేసుకుంటున్న పెయింటర్ మీద పడతాడు. రంగు డబ్బా పోయి కింద నిలబడిన జర్మన్ అధికారి మీద పడుతుంది. మూడో ఆయన పారిస్ ఆపెరా మీద, అంటే పెద్ద సంగీత నాటకశాల మీద దిగుతాడు. ఆ పెయింటర్ పేరు అగస్టీన్, వేసింది బూర్విల్ అనే నటుడు. ఆపెరాలో వాద్యగాళ్ళందరినీ కర్ర పట్టుకొని నడిపించే ఆయన పేరు స్తనిస్లాస్, వేసింది లూయి ద ఫునెస్. వీళ్ళిద్దరికీ యుద్ధంతో పని లేదు. ఒకడికి తన రంగు డబ్బా, ఇంకొకడికి తన సంగీతం. కానీ ఇంటి మీదికి వచ్చి పడిన మనిషిని జర్మన్లకి పట్టించలేక దాచిపెడతారు. అంతే, ఇంక వాళ్ళు కూడా పారిపోవాల్సిందే.

మా అవ్వకి వీళ్ళిద్దరినీ చూడగానే రేలంగి, రమణారెడ్డి గుర్తుకొచ్చినారు. మాయాబజార్ మా అవ్వ ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. "మెత్తగా ఉండేవాడు రేలంగి, ఎప్పుడూ కస్సుమనేవాడు రమణారెడ్డి" అని పేర్లు పెట్టేసింది. సినిమా అయ్యేదాకా అవే పేర్లు. స్తనిస్లాస్ పెద్దమనిషినని అందరి మీదా అరుస్తాడు. నడవలేక కాళ్ళు నొప్పి అంటే అగస్టీన్ తన బూట్లు ఇచ్చి ఆయన బూట్లు తను వేసుకుంటాడు. గోడ దిగేటప్పుడు అగస్టీన్ భుజాల మీద కూర్చొని, దిగమంటే దిగడు, అట్లే సవారీ చేస్తాడు. "గొప్పోళ్ళు అంతేలే, ఎక్కినాక దిగరు" అనింది అవ్వ. నేను ఇంగ్లీషు చదివి చెప్పబోతే, "నువ్వు గమ్మునుండు, నాకు అర్థమైతాంది" అనింది. నిజంగా ఆమెకి నాకన్నా ముందే అర్థమవుతా ఉండింది.

ఆ ముగ్గురు ఇంగ్లీషువాళ్ళు దూకకముందే ఒక ఏర్పాటు చేసుకొని ఉంటారు. పారిస్‌లో ఒక ఆవిరి స్నానాల ఇంట్లో కలుసుకోవాలి. గుర్తు కోసం ఒక పాట రాగం ఈల వేయాలి. అక్కడికి అగస్టీన్ పోతాడు, స్తనిస్లాస్ కూడా పోతాడు. లోపలంతా పొగ, ఎవరికి ఎవరూ కనబడరు. ఇద్దరూ ఈల వేస్తారు. ఇతను ఇంగ్లీషువాడు అని ఆయన అనుకుంటాడు, ఆయన ఇంగ్లీషువాడు అని ఇతను అనుకుంటాడు. ఇద్దరూ వచ్చీ రాని ఇంగ్లీషులో కష్టపడి మాట్లాడుకుంటారు. చాలాసేపటికి ఇద్దరూ ఫ్రెంచివాళ్ళే అని తెలుస్తుంది.

ఇక్కడ మా ఇంట్లో అందరం ఒకేసారి నవ్వినాము. "నాయనా, ఇది నీ హోంగార్డు!" అని అరిచినాను నేను. నాయన కూడా పడి పడి నవ్వినాడు. ఇద్దరు తెలుగోళ్ళు ఒకరికొకరు భయపడి వచ్చీ రాని కన్నడలో మాట్లాడుకున్నట్లే కదా! మా అన్న సినిమా ఆపినాడు. నాయన లేచి నిలబడి కోడి కథ మొదలుపెట్టినాడు. టార్చిలైటు, కోడి నోరు, ఒడిశా అబ్బాయి నోరు, అన్నీ చేసి చూపించినాడు. అవ్వ కళ్ళనీళ్ళు తుడుచుకుంటా నవ్వింది.

అప్పుడు చూసినాను. మా అమ్మ లేదు. లేచి వంటింట్లోకి పోయింది.

నేను నీళ్ళకని పోయినట్లు పోయినాను. అమ్మ పొయ్యి దగ్గర ఊరికే నిలబడి ఉంది. పని ఏమీ చేయడం లేదు. "ఏమ్మా, సినిమా బాగలేదా?" అన్నాను.

"బాగుంది" అనింది. కొంచెం సేపు ఆగి, "మీ నాయన తిరిగొచ్చినాడు కాబట్టి అది నవ్వులాట అయింది. ఆ పన్నెండు రాత్రులు నేను నిద్రపోలేదు. అది ఎవురూ కథగా చెప్పరు" అనింది.

నాకు ఏం చెప్పాలో తెలియలేదు. అమ్మ ఇంకో మాట కూడా అనింది, కానీ చాలా మెల్లగా. "మీ మామ కూడా అట్ల వచ్చి ఉంటే బాగుండు."

ఇది నేను రాయవచ్చా అని అమ్మని అడిగినాను. రాయమనింది. మా మామ, అంటే అమ్మకు తమ్ముడు, ఆంధ్ర పక్క ఉండేవాడు. 2021 మే నెలలో, రెండోసారి కరోనా వచ్చినప్పుడు, ఆస్పత్రిలో చనిపోయినాడు. అప్పుడు మళ్ళీ లాక్‌డౌన్. అమ్మ పోలేకపోయింది. ఫోన్‌లో వీడియోలో చూసింది. నేను పక్కనే ఉన్నాను. నెట్‌వర్క్ సరిగ్గా లేక బొమ్మ మధ్యమధ్యలో నిలిచిపోతా ఉండింది. ఆ తర్వాత మా అమ్మ మామ పేరు ఎత్తడం నేను వినలేదు. ఫోటోకి దండ మారుస్తుంది, అంతే. నాయన కోడి కథ చెప్పినప్పుడల్లా అమ్మ ఏదో పని ఉందని లేచిపోయేది. ఇన్నేళ్ళు నాకు అది పని అనే అనిపించింది. ఆ రాత్రి వంటింట్లో నిలబడినప్పుడు తెలిసింది.

నాకు సినిమా మీద కోపం వచ్చింది. నిజంగా చెప్తున్నాను. యుద్ధం అంటే ఎంతమంది చచ్చిపోయినారో సోషల్ పుస్తకంలో చదువుకున్నాము. అట్లాంటి దాని మీద తమాషా సినిమా తీస్తారా? మన తెలుగులో కంచె సినిమా ఉంది. క్రిష్ గారు తీసినారు, 2015లో వచ్చింది. జాతీయ అవార్డు కూడా వచ్చింది. అది కూడా రెండో ప్రపంచ యుద్ధమే, అందులో కూడా ప్రేమ ఉంది, శత్రువుల మధ్య సాహసం ఉంది. మన భారత సైనికులు ఇటలీలో నిజంగానే యుద్ధం చేసినారు, నాలుగో, ఎనిమిదో, పదో డివిజన్లు అక్కడ ఉండినాయి. ఆ సినిమాలో చివరికి హీరో చనిపోతాడు. టీవీలో అది వచ్చినప్పుడు అమ్మ ఏడ్చుకుంటా కూడా చివరిదాకా చూసింది. అదే న్యాయం అనిపించింది నాకు. ఇది చూస్తే, అందరూ దొర్లుతారు, పడతారు, ఎవరికీ ఏమీ కాదు.

బయటికి వచ్చి మా అన్నని అడిగినాను. "ఈ సినిమా చూసి అక్కడి జనానికి కోపం రాలేదా?" అని.

అన్న చెప్పినాడు. కోపం కాదు, 1.7 కోట్ల కన్నా ఎక్కువ టికెట్లు తెగినాయంట. అప్పుడు ఆ దేశం జనాభానే దాదాపు 5 కోట్లు. 1998లో టైటానిక్ వచ్చేదాకా ఫ్రాన్సులో దీన్ని దాటిన సినిమా లేదు. పారిస్‌కు విడుదల వచ్చింది 1944 ఆగస్టులో. సినిమా వచ్చింది 1966లో. మధ్యలో 22 ఏళ్ళే. అంటే థియేటరులో కూర్చొని నవ్విన వాళ్ళలో చాలామంది ఆ భయం అనుభవించిన వాళ్ళే. పాస్‌లు చూపించిన వాళ్ళే, లైన్లలో రొట్టె కోసం నిలబడిన వాళ్ళే. స్తనిస్లాస్ వేషం వేసిన లూయి ద ఫునెస్ కూడా ఆ రోజుల్లో పారిస్ బార్లలో పియానో వాయించి బతికినవాడే.

నేను వంటింట్లోకి పోయి ఇదంతా అమ్మకి చెప్పినాను. అమ్మ విని ఒక ప్రశ్న అడిగింది. "తిరిగి రాని వాళ్ళ ఇండ్లలో వాళ్ళు కూడా పోయి చూసినారా?"

ఆ ప్రశ్నకి మా అన్న దగ్గర కూడా జవాబు లేదు. కానీ ఆలోచిస్తే, అన్ని కోట్ల మందిలో అట్లాంటి ఇండ్ల వాళ్ళు లేకుండా ఎట్లుంటారు? వాళ్ళు కూడా టికెట్టు కొనుక్కొని, పక్క సీట్లో వాళ్ళతో కలిసి కూర్చొని ఉంటారు. నవ్వినారో, మధ్యలో లేచి బయటికి పోయినారో. అమ్మతో ఇదే చెప్పినాను. అమ్మ ఏమీ అనలేదు. చేతులు కడుక్కొని వచ్చి అవ్వ పక్కన కూర్చుంది. "వేయండి, చూస్తాను" అనింది.

తర్వాత సినిమా ఇంకా వేగంగా పోతుంది. జూలియెట్ అని ఒక అమ్మాయి వీళ్ళకి సహాయం చేస్తుంది. ఆమెది బొమ్మలాట ఆడించే ఇల్లు. అగస్టీన్‌కి ఆమె మీద మనసు. కానీ గట్టిగా చెప్పడానికి ధైర్యం చాలదు, అందంగా ముస్తాబై ముందు నిలబడే వీలు కూడా ఉండదు, ఎప్పుడూ మురికి కాలువలోనో, పోలీసుల ముందో ఉంటాడు. వాళ్ళ బొమ్మలాటలో హీరో పేరు గిన్యోల్. లియోన్ అనే ఊళ్ళో పుట్టిన పాత బొమ్మ అంట. కర్రతో పోలీసు బొమ్మని కొట్టడం దాని పని. అవ్వ వెంటనే, "జుట్టుపోలిగాడు" అనింది. అవ్వ చిన్నప్పుడు ఊరికి తోలుబొమ్మలాట వచ్చేదంట. రామాయణం మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి ఊరి పెద్దలను కూడా వదలకుండా తిట్టి నవ్వించేవాళ్ళు. "సీతమ్మ కష్టాలు చూసి ఏడ్చేవాళ్ళం, వెంటనే వాడు వచ్చేవాడు. అది లేకపోతే తెల్లవారిందాకా ఎవురు కూర్చుంటారు?" అనింది అవ్వ. ఆమె సినిమా గురించే అనింది. కానీ అమ్మ తల తిప్పి అవ్వ వైపు చూసింది.

ఒక హోటల్లో రాత్రి పూట గది తలుపు మీద అంకె తిరగబడి ఇంకో అంకె అవుతుంది. చీకట్లో గదులు తారుమారయి, మనవాళ్ళు పోయి పడుకునే చోట జర్మన్ అధికారి గురక. ఒక ముసుగేసుకున్న సన్యాసిని, పేరు మారీ ఓడిల్, గుర్రపు బండిలో వీళ్ళని దాచి తీసుకుపోతుంది. ద్రాక్ష సారాయి పీపాల్లో కూడా దాక్కుంటారు. మధ్యలో మా ఊళ్ళో కరెంటు పోయింది. అరగంట చీకట్లో కూర్చున్నాము. ఎవరూ పోయి పడుకోలేదు. అగస్టీన్ ఏమైతాడో అని అవ్వ ఒకటే గొణుగుడు.

కరెంటు వచ్చినాక చివరి ఘట్టం. వీళ్ళంతా ఇంజను లేని తేలికపాటి విమానాల్లో ఎగిరి గీత దాటి పోతా ఉంటారు. వెనక జర్మన్ విమానం. కింద నుంచి ఒక జర్మన్ సైనికుడు పెద్ద తుపాకీతో గురి పెడతాడు. పాపం అతనికి మెల్లకన్ను. కాల్చింది పోయి వాళ్ళ విమానానికే తగులుతుంది.

అప్పుడు మా అమ్మ నవ్వింది. ముందు చిన్నగా. తర్వాత ఆపుకోలేక. "ఇది వాడే!" అనింది. మాకెవ్వరికీ అర్థం కాలేదు. నవ్వుతానే చెప్పింది.

మా మామకి చిన్నప్పుడు ఉండేలు అంటే పిచ్చి అంట. గురి మాత్రం సున్నా. ఒక ఎండాకాలం పక్కింటివాళ్ళ మామిడి చెట్టు మీద కాయ కొడతానని, అక్కని కింద కొంగు పట్టుకొని నిలబడమని చెప్పినాడు. గురి పెట్టి పెట్టి వదిలితే రాయి పోయి వాళ్ళ ఇంటి ముందరే ఉన్న నీళ్ళ కడవకి తగిలింది. కడవ పగిలింది. కడవ పక్కనే వాళ్ళ నాయన పడుకొని ఉన్నాడు. నీళ్ళన్నీ ఆయన మీదికి. ఆయన లేచి అరిస్తే, మామ ఉండేలు అక్క చేతిలో పెట్టి పరిగెత్తినాడు. దెబ్బలు తిన్నది మా అమ్మ. సాయంత్రం మామ ఎక్కడినుంచో ఒక మామిడికాయ తెచ్చి, ఉప్పూ కారం వేసి, "అక్కా, గురి తప్పలేదు, చెట్టే పక్కకి జరిగింది" అన్నాడంట.

ఈ మాట చెప్తా అమ్మ నవ్వు ఏడుపైపోయింది. మళ్ళీ ఏడుపులోనే నవ్వింది. నాయన లేచి నీళ్ళు తెచ్చి ఇచ్చినాడు. అవ్వ అమ్మ వీపు మీద చెయ్యి వేసి, "చెప్పుకోవల్ల మే, చెప్పుకుంటేనే వాడు మనింట్లో ఉంటాడు" అనింది. సినిమా అయిపోయింది, తెర మీద పేర్లు పోతా ఉన్నాయి. ఎవరమూ చూడలేదు.

నాలుగేళ్ళలో మా మామ గురించి మా ఇంట్లో చెప్పుకున్న మొదటి కథ అది. ఆ తర్వాత అమ్మ ఇంకా చాలా చెప్పింది. మామ మొదటిసారి సైకిల్ తొక్కి బావి గట్టు దాకా పోయింది, అక్క పెళ్ళిలో పెళ్ళికొడుకు చెప్పులు దాచి, ఎక్కడ దాచినాడో తనే మర్చిపోయింది. ఆ పెళ్ళికొడుకు మా నాయనే కాబట్టి, ఆ కథ ఇప్పుడు నాయన కోడి కథకి పోటీగా తయారైంది.

ఇంకొక విషయం కూడా ఈ సినిమా వల్ల నాకు తెలిసింది. పోయిన యేడు ఒక వక్తృత్వ పోటీలో నేను కన్నడలో మాట్లాడినప్పుడు నా తెలుగు యాస విని కొందరు పిల్లలు నవ్వినారు. అప్పటినుంచి బయట నోరు తెరవాలంటే సిగ్గు. తెలుగు మీడియంలో ఎందుకు చేరినానా అని కూడా అనుకున్నాను. ఈ సినిమాలో ముగ్గురు ఇంగ్లీషువాళ్ళు, ఇద్దరు ఫ్రెంచివాళ్ళు, ఒకరి భాష ఒకరికి సరిగ్గా రాదు. అయినా ఒకరి ప్రాణం ఒకరు కాపాడుకున్నారు. మా నాయన, ఒడిశా అబ్బాయి కూడా అంతే కదా. మన పక్కనే ఉన్న కైవారంలో తాతయ్య గారు తెలుగులోనూ పాడినారు, కన్నడలోనూ పాడినారు. ఇంట్లో ఒక భాష, బయట ఇంకో భాష ఉండడం తక్కువతనం కాదు. ఆ చెక్‌పోస్టు దగ్గర మా నాయనని ఇంటికి చేర్చింది ఆ రెండు భాషలూ తెలిసిన మనిషే.

నవ్వు కూడా రెండు రకాలని ఇప్పుడు నాకు తెలుసు. ఒకరిని చూసి నవ్వేది ఒకటి. కష్టం దాటి వచ్చినాక దాని గురించి కలిసి నవ్వేది ఇంకొకటి. రెండోదాంట్లో కూడా జాగ్రత్తగా ఉండాలి, పక్కన కూర్చున్న వాళ్ళ ఇంట్లో ఆ కష్టం ఇంకా అయిపోయి ఉండకపోవచ్చు. నాయన ఇప్పుడు కోడి కథ చెప్పే ముందు ఒకసారి అమ్మ ముఖం చూస్తాడు. అమ్మ "చెప్పు, చెప్పు" అంటుంది. ఒక్కోసారి మధ్యలో తను కూడా అందుకుంటుంది. "ఆ పన్నెండు రాత్రులు నేనేం చేసినానో అది కూడా చెప్పు" అని. అప్పుడు నాయన నవ్వడం ఆపి, అది కూడా చెప్తాడు. కథ ఇప్పుడు ముందుకన్నా పొడుగైంది.

సంక్రాంతికి అన్న మళ్ళీ వస్తానన్నాడు. "ఇంకేం సినిమా తేవల్ల?" అని ఫోన్‌లో అడిగినాడు. నేను జవాబు చెప్పేలోపలే వెనకనుంచి అమ్మ, "అదే తెమ్మను, మెల్లకన్నోడిది" అనింది.